పదేళ్ళు ఇబ్బంది పెట్టని కారు: కోనసీమ రోడ్లకి, ఉప్పుగాలికి ఏమాత్రం ఆశించొచ్చు?

కొబ్బరితోట_అమలాపురం:
నమస్కారమండి అందరికీ. కొత్త కారు తీసుకుందామనుకుంటున్నాం. ఆన్‌రోడ్ 11 లక్షల లోపు. రోజూ అమలాపురం–ముమ్మిడివరం రానుపోను ఓ 30 కి.మీ., నెలకోసారి రాజమండ్రి. ఇంటి దగ్గర షెడ్డు లేదు, కొబ్బరిచెట్ల కిందే పెట్టాలి. ఫీచర్ల మీద మోజు లేదు. పదేళ్ళు ఏ ఇబ్బందీ పెట్టకూడదు, అంతే. ఏ కంపెనీ బండి నమ్మొచ్చు? డీజిలా, పెట్రోలా?

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
కంపెనీ పేరు తర్వాత చూద్దామండి. మీ వాడకానికి పదేళ్ళలో లక్షా పాతిక వేల కి.మీ. దాకా తిరుగుతుంది. ఆ దూరానికి ఏ కంపెనీ బండైనా అడిగేవి ఇవి: బండితో వచ్చిన టైర్లు కాక ఇంకో రెండు సెట్లు, రెండు బ్యాటరీలు, ముందు బ్రేకు ప్యాడ్లు మూడు జతలు, క్లచ్ సెట్టు ఒకటి, లోయర్ ఆర్మ్ బుష్‌లూ లింకు రాడ్లూ (చక్రాలని బాడీకి పట్టి ఉంచే చోట రబ్బర్లూ కడ్డీలూ) రెండుసార్లు. గట్టు రోడ్ల మీద బుష్‌లు 40–50 వేలకే చీలతాయి, హైవే బళ్ళతో పోల్చుకోకండి. ఇవన్నీ అరుగుదల. వీటికి డబ్బు పక్కన పెట్టుకోవాల్సిందే.

కంపెనీని తప్పుపట్టాల్సినవి వేరే ఉన్నాయి. 60 వేలకే టైమింగ్ చెయిన్ టెన్షనర్ (ఇంజను లోపలి గొలుసుని బిగువుగా ఉంచేది) వదులై పొద్దున్నే స్టార్ట్ చేస్తే గలగలమనడం, ఇంజనుని చల్లబరిచే కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గిపోవడం (ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య సీలు, అంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం), స్టీరింగ్ ర్యాక్ ఆడటం, సెకండు గేరు రుబ్బుతూ పడటం. బండి నమ్మకమైనదా కాదా అని తేల్చేవి ఇవి.

మూడోది మన ఊరి ఖాతా: తుప్పు, చిలుము, ఎలకలు, ముంపు. ఇది కంపెనీ చూసుకోదు, వారంటీలోనూ రాదు. మీ ప్రశ్నలో సగం జవాబు ఇక్కడే ఉంది.

లెక్కలమాస్టారు_భీమవరం:
పై మాటకి ఒకటి కలుపుతాను. ఇంటర్నెట్లో చూపించే ‘రిలయబిలిటీ ర్యాంకు’లు చదివేటప్పుడు లెక్క ఎలా కట్టారో చూడండి. అమెరికాలో జె.డి. పవర్ అనే సర్వే సంస్థ వాళ్ళు కొని మూడేళ్ళయిన బళ్ళ ఓనర్లని గత 12 నెలల్లో ఏమేం ఇబ్బందులొచ్చాయని అడిగి, 100 బళ్ళకి ఎన్ని అని చెబుతారు. 2025లో సగటు 202, అంటే బండికి రెండు. గేరుబాక్సు పోయినా ఒకటే, ఫోను స్క్రీనుకి కలవకపోయినా ఒకటే. ఆ ఏడాది ఎక్కువమంది చెప్పింది ఆ రెండోదే! ర్యాంకు కింద ఉన్న బండి దారిలో ఆగిపోతుందని అర్థం కాదు, పైన ఉన్నది ఉప్పుగాలికి తట్టుకుంటుందనీ కాదు. మూడేళ్ళ దగ్గర ఆగిపోయే లెక్క మీ పదేళ్ళ ప్రశ్నకి చాలదు. కావాల్సింది ఇంజను, గేరుబాక్సు, ఏసీ వేరువేరుగా, ఆ మోడల్లో 7–8 ఏళ్ళ పాత బళ్ళ సంగతి. అది మీ ఊరి ట్యాక్సీ స్టాండులోనే దొరుకుతుంది.

పాతబండి_రాజోలు:
ఏమాటకామాటేనండి, ఇప్పటి బళ్ళన్నీ డబ్బాలు. అంబాసిడర్ రోజుల్లో ఇన్ని తలనొప్పులు లేవు.

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
అంబాసిడర్ ఆగని బండి కాదు బాబాయ్, ఆగినచోటే బాగయ్యే బండి. స్పార్కుకి కరెంటు పంపే పాయింట్లు కాలితే గరుకు కాగితంతో రుద్దేవారు, కార్బొరేటర్‌లో నలక పడితే ఊదేవారు, కింద నిపుల్స్‌కి తరచూ గ్రీజు కొట్టకపోతే ముందు చక్రం తిరిగే కింగ్‌పిన్ పట్టేసేది. దాని తయారీ కూడా 2014లో ఆగిపోయింది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి చాలా తక్కువసార్లు ఆగుతుంది, ఆగితే మాత్రం స్కానర్ లేకుండా కదలదు. ఈ రెండూ వేరు.

డీజిల్‌పంపు_తణుకు:
ప్రశ్న అడిగినాయనకి సూటిగా: రోజుకి 30 కి.మీ.కి డీజిలు వద్దు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు కదా. అప్పటినుంచి డీజిలు బండి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది, మసి అందులో పడుతుంది. నిండితే ఇంజను అదనంగా డీజిలు చిమ్మి, లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టించి మసిని కాల్చేస్తుంది. అందుకు 50–60 వేగంలో 15–20 నిమిషాలు ఆగకుండా నడవాలి. ముమ్మిడివరం రోడ్డులో స్పీడు బ్రేకర్లు, సంతలు, గేదెలు దాటుకుంటూ అంతసేపు ఎక్కడ కుదురుతుంది?

కాలుతున్నప్పుడు గుర్తులు తెలిసుండాలి. ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను వేగం) నిమిషానికి 750–800 చుట్ల నుంచి వెయ్యి దగ్గరకి లేస్తుంది, ఏసీ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటుంది, మీటర్లో మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది, దిగితే కాలిన వాసన. అప్పుడు ఇంటి గేటు దగ్గర ఇంజను ఆపేశారంటే ఆ పని సగంలో ఆగినట్టే. ఇలా పదేపదే జరిగితే కాలని డీజిలు పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూడండి: ఆయిల్ ‘మ్యాక్స్’ గీత దాటి పైకి ఎక్కి, డీజిలు కంపు కొడుతుంటే అదే. ఆయిల్ తగ్గితే అందరూ భయపడతారు, పెరిగితే సంతోషిస్తారు! పల్చబడిన ఆయిల్ ముందుగా టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే ఫ్యాను) బేరింగుని తినేస్తుంది.

కొబ్బరితోట_అమలాపురం:
నెలకోసారి రాజమండ్రి వెళ్తాం కదండీ. రావులపాలెం నుంచి హైవేనే. అది సరిపోదా?

డీజిల్‌పంపు_తణుకు:
మీలాంటి వాడకంలో 300–400 కి.మీ.కోసారి కాలాల్సి వస్తుంది. నెలకి మీరు తిరిగేది వెయ్యి దాకా. రెండు మూడుసార్లు కాల్చాల్సిన చోట హైవే మీద దొరికేది ఒకటి. మిగతావి గట్టు మీదే సగంలో ఆగుతాయి. పెట్రోలు తీసుకోండి. అందులోనూ టర్బో లేని 1.2 లీటర్ల మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు ఇంటేక్ వాల్వు ముందు చిమ్మేది), మాన్యువల్ గేర్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్లోకి చిమ్మేది) అయితే ఇంటేక్ వాల్వుల వెనక కార్బన్ పేరుకుంటుంది, పెట్రోలు వాటిని కడగదు కాబట్టి.

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
పెట్రోలైనా చిన్న దూరాలకి ఒక జాగ్రత్త. ఇంజను పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే ఆయిల్లో చెమ్మ మిగిలిపోతుంది. ఆయిల్ మూత విప్పితే లోపల వెన్నలాంటి తెల్లటి జిడ్డు కనిపిస్తుంది. ఆ ఒక్కటే చూసి హెడ్ గాస్కెట్ విప్పించకండి, కూలెంట్ తగ్గుతోందో లేదో చూశాకే. ఆయిలు పుస్తకంలో రాసిన గ్రేడే, 10 వేలకి కాకుండా 7–8 వేలకి మార్చండి. అదే చెమ్మ సైలెన్సర్‌లో నిలిచి దాన్ని లోపలినుంచి తినేస్తుంది. కింద చిన్న కన్నం ఉంటుంది, నీరు కారడానికే. సైలెన్సర్ చిల్లుపడిందని దానికి వెల్డింగ్ పెట్టించేవాళ్ళూ ఉన్నారు.

ఉప్పుగాలి_నరసాపురం:
తుప్పు గురించి నేను చెబుతా. మనకి ఉప్పు మూడు దారుల్లో వస్తుంది. సముద్రం గాలి ఒకటి. రొయ్యల లారీల నుంచి కారే ఐసు నీళ్ళు రెండోది. భీమవరం, ఆకివీడు, ముమ్మిడివరం రోడ్లలో ఆ లారీ వెనకాల ఓ పది కి.మీ. నడిస్తే బండి కింద అంతా ఉప్పు నీటి తుంపరే. మూడోది పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ). సఖినేటిపల్లి రేవు దగ్గర ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముందు చక్రాలు నీళ్ళలో పడతాయి, వేసవిలో ప్రవాహం తగ్గి పోటుకి ఉప్పునీరు పైకెక్కే రోజుల్లో అది సముద్రపు నీరే అనుకోండి.

పైన రంగు బాగానే ఉంటుంది. కింద జాక్ మీద ఎత్తి చూస్తే మొదలయ్యే చోట్లు: వెనక యాక్సిల్ బీమ్ వెల్డింగ్ అతుకులు, ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజను కింది ఇనుప చట్రం) అంచులు, స్ప్రింగు కూర్చునే గిన్నె, బ్రేకు పైపులని పట్టే క్లిప్పుల కింద, పెట్రోలు పోసే గొట్టం మెడ, స్టెప్నీ గుంతలో బోల్టు. అన్నిట్లోకీ బ్రేకు పైపు ప్రమాదం. గోటితో గీస్తే పొరలుగా రాలుతుంటే మార్చేయాల్సిందే, రంగు వేసి కప్పకూడదు.

ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందూ తర్వాతా, ర్యాంపు మీద ఎక్కించి కింద ప్రెషర్‌తో కడిగించండి. మంచినీళ్ళతోనే. తీరం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. డోర్ల కింది అంచులో సన్నటి కన్నాలు ఉంటాయి, పుల్లతో పొడిచి మట్టి తీయాలి. అవి మూసుకుంటే వాన నీరు డోరులోనే నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది. రంగు ఉబ్బి బయటికి కనిపించేసరికి రేకు పోయినట్టే.

గోదావరిగట్టు_కొత్తపేట:
షోరూంలో అండర్‌బాడీ కోటింగ్ అంటున్నారు, వేయించుకోమంటారా?

ఉప్పుగాలి_నరసాపురం:
కొత్త బండికి, మొదటి వానాకాలం రాకముందే అయితే ఊఁ. కడిగి, ఓ రోజంతా ఆరబెట్టి, అప్పుడు కొట్టాలి. గంటలో చేసిస్తామంటే వద్దని చెప్పండి. తడి బురద మీద కొడితే ఉప్పుని లోపల పెట్టి సీలు వేసినట్టు, కోటింగ్ లేకపోవడమే నయం. సైలెన్సర్ మీదా, రబ్బరు బుష్‌ల మీదా, యాక్సిల్ బూట్ల మీదా, నీరు కారే కన్నాల మీదా పడకూడదు. మూడేళ్ళకోసారి పెచ్చులూడిన చోట సరిచేయించాలి. అందరూ మర్చిపోయేది సిల్ (డోరు కింద ఉండే గుల్ల పెట్టె) లోపల కొట్టే మైనం. తుప్పుకి అసలు మందు అదే.

వైరింగ్_కాకినాడ:
బళ్ళు దారిలో ఆగిపోవడానికి మన జిల్లాల్లో పెద్ద కారణం ఇంజను కాదండి, ఎర్త్. బ్యాటరీ నెగిటివ్ వైరు బాడీకి, గేరుబాక్సుకి బిగించే చోట చిలుము పట్టి కరెంటు సరిగ్గా పోదు. అప్పుడు మీటరులో సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతాయి, పవర్ స్టీరింగ్ వదిలేస్తుంది, సెల్ఫ్ మూలుగుతుంది. షాపులో సెన్సర్ మీద సెన్సర్ మారుస్తారు, రోగం పోదు.

పరీక్ష చాలా తేలిక. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగిటివ్ పోస్టు మీద, రెండోది ఇంజను బ్లాకు లోహం మీద పెట్టి ఎవరిచేతనైనా సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ బాగోలేదు. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ముందు రాసి తర్వాత బిగించడం కాదు. ఇక బ్యాటరీ: రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొడుతుంటే 9.6 కిందకి పడితే ఆ బ్యాటరీ పండక్కి ఊరెళ్ళే రోజునే మొరాయిస్తుంది.

ఎలకల సంగతి కూడా. కోతలయ్యాక చేలల్లో తిండి తగ్గి ఇళ్ళవైపు వస్తాయి. ఆ నెలల్లో రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచితే చీకటి, వెచ్చదనం రెండూ ఉండవు, చేరవు. ఎలక కొరికిన వైరింగు వారంటీలో రాదు, ఇన్సూరెన్స్ కాగితం ముందే చదువుకోండి.

రైతుబిడ్డ_రామచంద్రపురం:
ఏసీ గ్యాస్ ఏటా నింపించాలా అండీ? ఏసీ మెకానిక్ ప్రతి మార్చిలోనూ రమ్మంటాడు.

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
అక్కర్లేదు. ఏటా తగ్గుతోందంటే లీకు ఉన్నట్టు. ముందు నైట్రోజన్ పట్టించి లీకు వెతికించండి. మన దగ్గర ఎక్కువగా ముందున్న కండెన్సర్ రెక్కల దగ్గరో, డాష్‌బోర్డు లోపల ఎవాపరేటర్ దగ్గరో. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో ఉంటుంది, తూచి అంతే పట్టించాలి. చేత్తో పైపు పట్టుకుని ‘చల్లగా ఉంది, చాలు’ అనే లెక్క కంప్రెసర్‌కి చేటు.

అత్తిలి_బుజ్జి:
2012 పెట్రోలు బండికి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోస్తే పాడవుతుందా? అందరూ తలో మాటా అంటున్నారు.

లెక్కలమాస్టారు_భీమవరం:
2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్ళలో రబ్బర్లూ గొట్టాలూ ఇ20కి తట్టుకునేవి పెట్టారు. పాతవాటిలో పోసిన మర్నాడే ఏమీ అయిపోదు గానీ ఇంధనం గొట్టాలూ ఓ-రింగులూ గట్టిపడి చెమర్చడం త్వరగా మొదలవుతుంది. సర్వీసింగులో వాటిని వేలితో నొక్కి చూడమనండి. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ, కాబట్టి పాత బళ్ళకి మైలేజీ 3–6 శాతం తగ్గుతుందన్నది ప్రభుత్వం చెప్పిన లెక్కే. అసలు జాగ్రత్త, నెలల తరబడి కదపని బండికి. ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది, మన గాలిలో చెమ్మకి కొదవలేదు. సగం ట్యాంకుతో వదిలేయకుండా నిండుగా పోసి పెట్టండి, ఖాళీ జాగాలోని గాలితోనే చెమ్మ చేరేది.

బ్రేకు ఆయిల్ కూడా అంతే. డాట్-4 రకం కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. అందుకే దూరంతో పని లేకుండా రెండేళ్ళకి మార్చమంటారు.

లంకమనిషి_పి.గన్నవరం:
ముంపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టానికి మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. లంకల్లో ఉండేవాళ్ళు మొదటిది వినగానే బండి ఏటిగట్టు మీదకి ఎక్కించేయాలి, రెండోదాకా ఆగితే కాజ్‌వేలు దాటలేరు.

నీళ్ళలో ఆగిన బండికి ఎట్టి పరిస్థితిలోనూ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పది వేలతో పోయే పని ఇంజను మార్పిడి దాకా వెళ్తుంది. బ్యాటరీ నెగిటివ్ తీసేయండి. తోసి మెరకకి చేర్చి ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పండి. ఫిల్టరు పొడిగా ఉంటే ఇంజనులోకి నీరు వెళ్ళకపోవచ్చు. తడిస్తే స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ బోల్టుకి రెంచి పెట్టి చేత్తో తిప్పాలి, నీరు బయటికి చిమ్ముతుంది. ఆయిల్ కాఫీ రంగులో ఉంటే దింపి కొత్తది పోసి, కాసేపు నడిపి మళ్ళీ మార్చాలి. గేరుబాక్సు ఆయిల్ కూడా, దాని గాలి రంధ్రం గుండా నీరు పోతుంది. కార్పెట్టు కింద నురుగు షీటు వారంరోజులకి గానీ ఆరదు. సీట్లు విప్పి అది బయటికి తీయకపోతే ఫ్లోరు తుప్పూ బూజు వాసనా ఖాయం.

క్లెయిము_ఏలూరు:
దీనికే చిన్న చేర్పు. మామూలు ఫుల్ ఇన్సూరెన్సులో ముంపు నష్టం వస్తుంది గానీ, నీళ్ళలో స్టార్ట్ చేసి ఇంజను పోగొట్టుకుంటే రాదు, దాన్ని తర్వాత జరిగిన నష్టం కింద తోసేస్తారు. ‘ఇంజను ప్రొటెక్ట్’ అనే అదనపు కవరు తీసుకోండి. మనలాంటి చోట జీరో డిప్ (భాగాల పాతదనానికి డబ్బు కోయని కవరు) కంటే ఇదే ముఖ్యమంటాను. కొబ్బరికాయో మట్టో పడి అద్దం పగిలినా ఫుల్ ఇన్సూరెన్సులో వస్తుంది. కాయని తీసేయకుండా ఫోటో తీయండి.

పాత బండి కొనేవాళ్ళు సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. ముంపుకి తడిసిన బండి ఎంత కడిగినా బెల్టు చివరి భాగంలో బురద గీత ఉండిపోతుంది.

చిన్నక్క_మండపేట:
ఇంట్లో నడిపేది నేనేనండి. ఏఎంటీ (క్లచ్ పెడలు లేకుండా గేర్లు తనే మార్చుకునేది) తీసుకుంటే గట్టు ఎక్కేటప్పుడు ఇబ్బందా?

వైరింగ్_కాకినాడ:
ఇబ్బంది కాదక్కా, అలవాటు మారాలి. ఏఎంటీలో ఉండేది మామూలు క్లచ్ ప్లేటే, కాలికి బదులు మోటారు నొక్కుతుంది. ఏటవాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ప్లేటు కాలుతుంది. బ్రేకు మీదే ఆపి, దారి ఖాళీ అయ్యాక ఒక్క ఊపున ఎక్కించండి. ఎలక్ట్రిక్ అయితే ఆ గొడవే లేదు. బ్యాటరీ మీద 8 ఏళ్ళు, 1.6 లక్షల కి.మీ. వారంటీ ఇస్తున్నవీ ఉన్నాయి. ఐపీ67 అని రాసుంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని. అది కొత్త సీళ్ళతో చేసిన పరీక్ష. కింద రాయి తగిలి ప్యాకు రేకు సొట్టపడ్డ బండికి ఆ మాట వర్తించదు.

రైతుబిడ్డ_రామచంద్రపురం:
దాళ్వా గడ్డి రోడ్డు మీద పరిచినప్పుడు బండి పోనివ్వొచ్చా?

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
పక్కనుంచి పొండి. తప్పదంటే మెల్లగా దాటి, దాటగానే ఆపి కిందకి వంగి చూడండి. గడ్డి యాక్సిల్‌కి తాడులా చుట్టుకుని బూటు చీలుస్తుంది, బూటు చీలితే గ్రీజు పోయి, దుమ్ము చేరి, స్టీరింగ్ తిప్పినప్పుడు టకటకమంటుంది. అంతకంటే ప్రమాదం క్యాటలిటిక్ కన్వర్టరు (సైలెన్సర్ దారిలో పొగని శుద్ధి చేసే వేడి డబ్బా) మీద ఇరుక్కున్నది, ఎండు గడ్డి అంటుకోవడానికి ఆ వేడి చాలు. ఇంజను నడుస్తుండగా గడ్డి మీద బండి ఆపి ఫోను మాట్లాడటం మాత్రం అస్సలొద్దు.

కొబ్బరితోట_అమలాపురం:
పెట్రోలు మాన్యువల్‌కే ఖాయం చేసుకున్నామండి. ఇంటి పక్క రేకుల షెడ్డు కూడా వేయిస్తున్నాం. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా? డెలివరీ రోజు ఏం చూడాలి?

లెక్కలమాస్టారు_భీమవరం:
చాలా కంపెనీలు 3 ఏళ్ళు లేదా లక్ష కి.మీ. ఇస్తున్నాయి. పెంచుకోండి, కానీ మినహాయింపుల పేజీ ముందు చదవండి. స్టీరింగ్ ర్యాక్, ఏసీ కంప్రెసర్, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) కవరులో ఉంటే డబ్బుకి విలువ. క్లచ్, ప్యాడ్లు, బుష్‌లు ఎలాగూ ఉండవు. బయట షాపులో వైర్లు కోసి హారన్లూ లైట్లూ పెట్టిస్తే ఆ సర్క్యూటు మీద క్లెయిము వదులుకోవాల్సిందే, వైరు కోయకుండా కప్లర్‌తో బిగించేవే పెట్టించండి. ఏడాదికోసారి మీ ఛాసిస్ నంబరుకి రీకాల్ (లోపమున్న బళ్ళని కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. అది లోపం కంపెనీ ఒప్పుకున్నట్టే, ఉచితంగా మార్చాలి.

షెడ్డుమేస్త్రి_పాలకొల్లు:
డెలివరీకి పొద్దున్నే, ఎండలో వెళ్ళండి. షోరూం లైట్ల కింద రంగు తేడా తెలియదు. ఛాసిస్ నంబరులో తయారీ నెల, ఏడాది కోడ్ ఉంటుంది, విడమర్చి రాసిమ్మనండి. యార్డులో ఆరునెలలు ఎండావానలో నిలిచిన బండైతే బ్యాటరీ 12.4 కంటే తక్కువ చూపిస్తుంది, కొత్తది అడగండి. వైపర్ రబ్బరు గట్టిపడుంటుంది, బ్రేకు డిస్కు మీద ఒకే చోట గాడిలా తుప్పు ఉంటుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు: 2325 అంటే 2025లో 23వ వారం. నాలుగు టైర్లవీ దగ్గరదగ్గరగా ఉండాలి. స్టెప్నీ కూడా బయటికి తీయించి చూడండి, జాకూ రెంచీ అక్కడే ఉన్నాయో లేదో కూడా.